తనకు దొరికినంక సుత కోర్టు మెట్లు దిగనోడు

అమితాబ్ బచ్చన్‌ను మొట్టమొదట తెర మీదికి తెచ్చిందెవరో మీల ఎంతమందికి ఎరుక? 'ఆవారా', 'శ్రీ 420', 'బాబీ' సినిమాలకు రాసిందెవరో? సరే, ఇయ్యి సినిమా పిచ్చోళ్లు అడిగే ప్రశ్నలు. గ్రూప్స్‌కు చదివే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఆయనే ఇంకో తీరుగ ఎరుక. పాలిటీ పుస్తకంల 19వ అధికరణం కాడ ఒక లైను ఉంటది: కె.ఎ. అబ్బాస్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, 1970, సినిమాలకు ముందస్తు సెన్సార్ రాజ్యాంగబద్ధమే. బట్టీ కొడ్తం, ఆప్షన్ పెడ్తం, మర్చిపోతం. ఆ సినిమాల అబ్బాస్, ఈ కేసు అబ్బాస్ ఒక్కడేనని ఏ గైడూ చెప్పదు. ఓడిపోయిన మనిషి పేరు మీద కేసు యాభై ఏండ్ల సంది ఎందుకు బతికున్నదో అసలే చెప్పదు.

నేను లా చదివినోన్ని కాదు. ఇంటర్ కాడ్నే ఆగిన. ఆ తీర్పును ఫోన్ల తెరిచి, పక్కన డిక్షనరీ పెట్టుకొని వారం రోజులు చదివిన. సగం చదివేసరికి సమజైంది, ముందుగాల మనిషి ఎరుకైతెనే కేసు ఎరుకైతదని. అందుకే పుట్టుక కాడికెల్లి చెప్త.

ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 1914 జూన్ 7న పానిపట్‌ల పుట్టిండు. ఇప్పుడు హర్యానాల ఉన్న పట్నం అది. ఉర్దూ మహాకవి హాలీకి మునిమనుమడు. ఇంట్ల పుస్తకాలుండె, చదువు ఉండె. మనోళ్లల చాలమందికి లేనిది ఆయనకు పుట్టుకతోనే దొరికింది, ఆ మాట దాచొద్దు. అలీగఢ్‌ల డిగ్రీ చేసిండు, 1935ల లా సుత పూర్తి చేసిండు. అట్లని నల్లకోటు బతుకు ఎంచుకోలే. బొంబాయి పోయి 'బాంబే క్రానికల్' పేపర్‌ల చేరిండు. వార్తలు రాసిండు, సినిమాల మీద విమర్శలు రాసిండు. 'లాస్ట్ పేజ్' అని ఒక కాలమ్ మొదలువెట్టిండు. తర్వాత అదే కాలమ్‌ను 'బ్లిట్జ్' వారపత్రికకు తీసుకపోయిండు. నలభై ఏండ్లకు పైన, ఆయన పోయేదాంక నడిచింది. నేను నెలకు రెండు వ్యాసాలు రాయనీకే తిప్పలపడ్త, గాయన దాంతోపాటు 70కి పైన పుస్తకాలు రాసిండు.

1943ల ఇప్టా పుట్టినప్పుడు మొదలువెట్టినోళ్లల అబ్బాస్ ఒకడు. ఇప్టా అంటె భారత ప్రజానాటక సంఘం. మనకు దగ్గరి మాటల చెప్పాలంటె, తెలుగునాట ప్రజానాట్యమండలి ఏ చెట్టు కొమ్మనో ఆ చెట్టు. అదే ఏడు బెంగాల్‌ల కరువు. లక్షల మంది తిండి లేక సచ్చిన్రు. ధాన్యం లేకనే కాదు, ఉన్న ధాన్యం పేదోని నోటికి అందక. ఇప్టా వాళ్లు ఆ కరువు మీద నాటకాలు ఆడిన్రు, ఊరూరు తిరిగి చందాలు ఎత్తిన్రు. ఆ నాటకాలను పట్టుకొనే అబ్బాస్ మొదటిసారి డైరెక్టర్ అయ్యి 'ధర్తీ కే లాల్' తీసిండు. 1946ల వచ్చింది. అప్పు కింద భూమి పోయి, కలకత్తా రోడ్ల మీద గంజి కోసం చెయ్యి చాపే రైతు కుటుంబం కథ. బలరాజ్ సాహ్ని ఉన్నడు అందుల, రవిశంకర్ సంగీతం. ఎడిటింగ్ గతుకులు గతుకులుగ ఉంటది, కొన్ని సీన్లు నాటకం లెక్కనే ఉంటయి. అయినా పట్నం దిక్కు నడిచే ఆ జనం సీను చూస్తె, 2020 లాక్‌డౌన్ల నేషనల్ హైవేల మీద నడిచినోళ్లు యాదికొస్తరు.

అదే ఏడు 'నీచా నగర్' వచ్చింది. డైరెక్టర్ చేతన్ ఆనంద్, రాసినోళ్లల అబ్బాస్ ఉన్నడు. గుట్ట మీద దొర ఉంటడు, కింద పేదల వాడ. దొర తన బంగ్లాల కోసం మురుగునీళ్ల కాల్వను వాడ దిక్కు తిప్పుతడు. నీళ్లు చెడుతయి, రోగాలొస్తయి, ఆఖరికి జనం తిరగబడ్తరు. కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌ల అప్పటి పెద్ద బహుమానం ఆ సినిమాకొచ్చింది. ఫ్యాక్టరీల నీళ్లు చెరువులకు మళ్లి, బోర్లు రంగు మారిన ఊర్లల ఉండేటోళ్లకు ఈ కథ వివరించి చెప్పాల్సిన పని లేదు.

ఇగ 'ఆవారా' కాడికొద్దాం. జర ఎక్కువ సేపు ఆగుత ఇక్కడ, ఎందుకంటె నా లెక్కల అబ్బాస్ మొదటి రాజ్యాంగ కేసు సుప్రీంకోర్టుల కాదు, ఈ సినిమాలనే నడిచింది.

మా ఊరి గ్రామపంచాయతి టీవీల, చుక్కలు చుక్కలుగ పడే బొమ్మల మధ్య నేను 'ఆవారా' చూసిన. అప్పుడు పాటలే యాదికున్నయి. మల్ల ముప్పై ఏండ్లు దాటినంక చూస్తె తెల్వొచ్చింది, సినిమా మొదలయ్యేదే కోర్టు హాలుల అని. జడ్జి రఘునాథ్‌ను చంపబోయిండని రాజు అనే పోరడు బోనుల నిలబడ్తడు. ఆ పోరని దిక్కు వాదించే వకీలు రీటా, ఆ జడ్జి నీడలనే పెరిగిన పిల్ల. ఆమె ప్రశ్నలు అడుగుతుంటె ఎన్కటి కథ బయటికొస్తది. మంచోని కొడుకు మంచోడు, దొంగ కొడుకు దొంగ అనేది రఘునాథ్ నమ్మకం. ఆ నమ్మకంతోనే జగ్గా అనేటోన్ని వాని పుట్టుక చూసి జైలుకు పంపిండు. జగ్గా పగతోని జడ్జి పెండ్లాన్ని ఎత్తుకపోయిండు, కడుపుతోని ఉన్నదని తెల్సి వదిలిండు. జడ్జి ఆమెను అనుమానించి, నిండు గర్భంతోని ఉన్న మనిషిని వాన రాత్రి ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండు. రామాయణం ఎరుకున్న దేశానికి ఆ సీను ఏంది అనేది ఎవ్వలూ చెప్పక్కర్లే. కొడుకు మురికివాడల పెరిగిండు. జగ్గా పట్టుబట్టి వాన్ని దొంగను చేసిండు. జడ్జి నెత్తురు దొంగయ్యింది, ఇగ చెప్పు నీ సిద్ధాంతం ఏందని.

మొదట ఈ కథను మెహబూబ్ ఖాన్ తీయాల్సి ఉండె. తండ్రి, కొడుకుల పాత్రలు ఎవలెయ్యాలనే కాడ మాట కుదరలే. అబ్బాస్ కథ ఎనుకకు తీసుకొని రాజ్ కపూర్‌కు ఇచ్చిండు. తండ్రిగ పృథ్వీరాజ్ కపూర్, కొడుకుగ రాజ్ కపూర్. బయట నిజం తండ్రీకొడుకులు, బోను కాడ జడ్జీ ముద్దాయీ. ఆ కోర్టుల పైన కూసున్న ముసలి జడ్జిగ పృథ్వీరాజ్ తండ్రి సుత కనబడ్తడు. పుట్టుక మనిషిని తయారుచేయదని చెప్పే సినిమాల మూడు తరాల ఒకటే కుటుంబం! నాకు ఎప్పుడు చూసినా నవ్వొస్తది.

ఇది ఉత్త సినిమా కథ అనుకోకుండ్రి. ఆ సినిమా తీసేనాటికి పుట్టుకతోనే దొంగలని ముద్రేసే చట్టం ఈ దేశంల అమల్ల ఉండె. 1871ల బ్రిటిషోడు తెచ్చిన నేరస్థ తెగల చట్టం. ఒక కులంల పుడితె చాలు, పోలీస్ రిజిస్టర్‌ల పేరు, హాజరు ఏసుకోవాలె, ఊరు దాటాలంటె పర్మిషన్. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అట్ల ఎరుకల వాళ్లను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటే. 'ఆవారా' 1951ల వచ్చింది, ఆ చట్టం 1952ల రద్దయింది. సినిమా చూసి రద్దు చేసిన్రని నేను అంటలేను, అట్లాంటి అబద్ధం వద్దు. కాని రఘునాథ్ నమ్మకం ఏ చట్టం పుస్తకంల రాసి ఉండెనో గుర్తుపట్టాలె. చట్టం పోయినంక నలభై ఏండ్లకు మన తెలుగు సినిమాలు ఏం చేసినయి? 1991ల ఒక్క ఏడాదిలనే ఆ ఊరి పేరు టైటిల్‌ల పెట్టి రెండు సినిమాలు తీసిన్రు, ఒకదాంట్ల దొంగలు అనే మాట ఊరి పేరుకే అతుకపెట్టిన్రు. 2023ల 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చేముందట ఆ ఊరి పరువు తీస్తున్నరని హైకోర్టుల కేసు సుత పడ్డది. దాని గురించి మల్ల చెప్త.

అబ్బాస్ సొంతంగ తీసిన సినిమాలకు పైసలు రాలె. రాజ్ కపూర్‌కు రాసి సంపాయించేది, 'నయా సంసార్' అనే తన కంపెనీ సినిమాలల పోగొట్టేది. 1954ల పాటల్లేకుంట 'మున్నా' తీసిండు, ఆడలే. 1963ల 'షహర్ ఔర్ సప్నా' తీసిండు. బొంబాయిల ఇల్లు దొరకక పెద్ద నీళ్ల పైపుల కాపురం పెట్టే మొగుడు పెండ్లాల కథ. ఆ ఏడు దేశంల ఉత్తమ చిత్రంగ రాష్ట్రపతి బంగారు పతకం వచ్చింది. 1969ల 'సాత్ హిందుస్తానీ' వచ్చింది. గోవాను పోర్చుగీసోళ్ల చేతుల్లకెల్లి విడిపించనీకె పోయిన ఏడుగురి కథ. అమితాబ్ అందుల బిహారు ముస్లిం కవి. అబ్బాస్ కావాలనే ఎవల ప్రాంతం పాత్ర వాళ్లకు ఇయ్యలే. బెంగాల్ ఉత్పల్ దత్ పంజాబీ అయిండు, కేరళ మధు బెంగాలీ అయిండు. మనిషి తన పుట్టుకల ఇరుక్కొని ఉండనక్కర లేదనే అదే ముచ్చట, ఈసారి నటుల ఎంపికలనే చెప్పిండు.

సరిగ్గ ఆ రోజులల్లనే ఆయన 16 నిమిషాల డాక్యుమెంటరీ ఒకటి తీసిండు. పేరు 'చార్ షహర్ ఏక్ కహానీ', నాలుగు నగరాల ఒక కథ. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ. దాంట్ల ఏమున్నదో సుప్రీంకోర్టు తీర్పుల సీను ఎంట సీను రాసి పెట్టిన్రు. చట్టం పుస్తకాల ఇంత మంచి సినిమా వర్ణన నేనెక్కడ చదువలే. నలుపు తెలుపు బొమ్మ, మాటలు లేవు, కూలోళ్ల కష్టం మీద ఒక పాట, ఎనుక సంగీతం. పెద్ద హోటళ్లు, పక్కన గుడిసెలు. ఆ హోటల్ కట్టే కూలి, అదే కూలి ఉండే పాక. బొర్ర పెరిగిన ఆసామిని కూసోబెట్టుకొని బక్కపలచని మనిషి రిక్షా లాగుతుంటడు, రొప్పుతుంటడు. తర్వాతి సీనుల తారుమారు. ఆ బక్కోడు రిక్షాల కూసున్నడు, ఆ బొర్రాయన లాగుతున్నడు. స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుల విగ్రహాలు ఎత్తు దిమ్మెల మీదికెల్లి ఏం చేయలేక చూస్తుంటయి.

సెన్సారోళ్లకు ఇది కాదు కండ్లల్ల పడ్డది. బొంబాయి రెడ్‌లైట్ ఏరియా సీను. అదీ నడిచే కారుల నుంచి తీసినట్టు మసక మసకగ, నిమిషం సుత సరిగ్గ ఉండదు. దర్వాజల కాడ నిలబడ్డ ఆడోళ్లు, కొందరివి మోకాళ్ల దాంక కాళ్లు కనబడ్తయి. కెమెరా చూసి కొందరు లోపలికి పోతరు. ఒకామె కిటికీ మూస్తది. తర్వాత ఒక ఆడమనిషి చేతుల నోట్లు, ఒక మొగచెయ్యి వచ్చి చాలమటుకు గుంజుకుంటది, ఆమెకు రెండు మిగులుతయి. మల్ల ఆమె అద్దం ముందట కూసొని తల దువ్వుకుంటది, పంజరంల ఉన్న పిట్టల దిక్కు చూస్తది, తన రూము దిక్కు చూస్తది. పండుకొని, ఇక్కడికి రాకముందటి బతుకును కలగంటది. ఇంతే.

అప్పట్ల సర్టిఫికెట్లు రెండే, 'యు', 'ఎ'. నడిమిట్ల 'యుఎ' 1983ల వచ్చింది. అబ్బాస్ 'యు' అడిగిండు. 1969 చివర్ల బోర్డు 'ఎ' ఇస్తమన్నది. 16 నిమిషాల చిన్న సినిమాకు 'ఎ' వస్తె దాన్ని ఎవలు ఏస్తరు? బళ్లె చూపలేరు, మామూలు సినిమాకు ముందట చూపలేరు. డబ్బాల పెట్టి మూత ఏసినట్టే. ఆయన ఒప్పుకోలే, కేంద్రానికి అప్పీలు పెట్టిండు. అప్పట్ల బోర్డు మీద అప్పీలు పోయేది సర్కారు కాడికే. కొట్టినోని కాడికే ఫిర్యాదు! కేంద్రం కొంచెం దిగొచ్చి 'యు' ఇస్తం గని కోతలు పెట్టు అన్నది. కిటికీ మూసే షాట్ తీసెయ్యి, మోకాళ్లు తీసెయ్యి, నోట్లు చేతులు మారే షాట్ తీసెయ్యి.

మూడో కోత కాడ ఆగి చూడుండ్రి. మోకాళ్లంటె సరే, వాళ్లకు బూతు కనబడ్డదనుకుందాం. చేతుల నోట్లల్ల బూతు ఏమున్నది? ఒళ్లు అమ్ముకున్న మనిషికి రెండు నోట్లు, నడిమిట్ల దళారికి కట్ట. మన పత్తి మార్కెట్ల జరిగేది సుత అదే లెక్క గదా. సెన్సార్‌కు ఇబ్బంది అయ్యింది కాలు కాదు, ఆ లెక్క. ఇది నా అభిప్రాయం, కోర్టు అన్న మాట కాదు.

అబ్బాస్ 32వ అధికరణం పట్టుకొని సీదా సుప్రీంకోర్టుకు పోయిండు. అసలు ముచ్చట ఇప్పుడొస్తది. వాదనలు మొదలు కాంగనే సర్కారు దిక్కున సొలిసిటర్ జనరల్ లేచి, కోతలేం అక్కర్లేదు, సినిమాకు 'యు' ఇయ్యనీకె ప్రభుత్వం నిర్ణయించిందని చెప్పిండు. అంటె అబ్బాస్ గెలిచిండు. ఆయన అడిగింది చేతికొచ్చింది. ఇంటికి పోయి లడ్డూలు పంచుకోవచ్చు.

పోలే. పిటిషన్ మార్చుకునే అవకాశం ఇయ్యమని కోర్టును అడిగిండు. నా సినిమా సంగతి కాదు, అసలు ఏ సినిమాకైనా ముందస్తు సెన్సార్ ఎట్ల పెడ్తరు, అది భావప్రకటనా స్వేచ్ఛకు అడ్డం కాదా అనేది తేల్చమని. సెన్సార్ నిబంధనలు ఎవ్వలికి అర్థం కాకుంట గజిబిజిగ ఉన్నయని రెండో వాదన. కోర్టు ఒప్పుకున్నది. సినిమా మీద పైసలు పెట్టేటోనికి ఏది తీయొచ్చో ఏది తీయొద్దో ముందుగాలనే ఎరుకుండాలె అనే మాట న్యాయమే అన్నది.

తను ఎందుకంత పట్టు పట్టిండు? నాకు తోచేది ఇది. ఆయన ఒక్క ఒంట్ల ఇద్దరు మనుషులు. పేపర్‌ల ఆ రిక్షా లాగేటోని గురించి, ఆ రెండు నోట్ల గురించి ఏ ఆఫీసర్‌కు చూపకుంట అచ్చేస్తడు. అదే ముచ్చట సినిమాల పెడ్తె ఎవలో ఆఫీసర్ ముందుగాల చూడాలె. పేపర్‌కు ఆ స్వేచ్ఛ ఎక్కడికెల్లి వచ్చింది? దాంట్ల మన నేల పాత్ర ఉన్నది. 1950ల 'క్రాస్ రోడ్స్' అనే వారపత్రికను మద్రాసు రాష్ట్రంల రాకుంట ఆపిన్రు. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలనే, తెలంగాణల రైతాంగ పోరాటం నడుస్తున్న కాలం, కమ్యూనిస్టు వాసన వస్తె చాలు సర్కారు భయపడే రోజులు. దానికి రెండు మూడేండ్ల ముందటనే 'మాభూమి' నాటకాన్ని ఆ సర్కారే నిషేధించింది. 'క్రాస్ రోడ్స్' నడిపే రమేష్ థాపర్ సుప్రీంకోర్టుకు పోతె ఆ ఉత్తర్వు చెల్లదన్నరు. అదే రోజు ఇంకో పత్రిక కేసుల అచ్చుకు ముందట సెన్సార్ పెట్టుడు చెల్లదన్నరు. పేపర్‌కు ఆ నీడ దొరికింది. ఇరవై ఏండ్లైనా సినిమాకు ఎందుకు దొరకలేదనేది అబ్బాస్ అడిగిన ప్రశ్న.

1970 సెప్టెంబర్ 24న అయిదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది. చీఫ్ జస్టిస్ హిదయతుల్లా రాసిండు. అబ్బాస్ ఓడిపోయిండు. సినిమా పుస్తకం లెక్క కాదు, కదిలే బొమ్మ, ఇనబడే శబ్దం మనిషి మనసును మిగతా కళలకన్న ఎక్కువ కదిలిస్తది, పిల్లల మీద ఇంక ఎక్కువ, అందుకే ముందస్తు సెన్సార్ రాజ్యాంగానికి విరుద్ధం కాదు అని. పాలిటీ గైడు ఇక్కడ్నే బందైతది.

తీర్పు ఇక్కడ బంద్ కాలే. సర్కారు రాసిన నిబంధనల్ల కళకూ బూతుకూ తేడా చూపే గీత లేదని కోర్టు తప్పువట్టింది. సమాజంల ఉన్న చెడును చూపుడు వేరు, చెడును ఎగదోసుడు వేరు, ఏది చూపిన్రు అనేదానికన్న ఎట్ల చూపిన్రు అనేది ముఖ్యమని చెప్పింది. సెన్సార్ ఇంత గడువుల నిర్ణయం చెప్పాలె, అప్పీలు సర్కారు కాడికి కాకుంట కోర్టుకో, స్వతంత్ర ట్రిబ్యునల్‌కో పోవాలె అనే వాదన ముందట సర్కారే తలవంచింది. చట్టం మారుస్తమని సొలిసిటర్ జనరల్ కోర్టుకు మాట ఇచ్చిండు. ఓడిపోయిన కేసుల అబ్బాస్ రాబట్టింది ఇది.

ఆ మాట నెరవేరనీకె పదమూడేండ్లు పట్టింది, సర్కారు మాట గదా. 1981ల చట్టం సవరించిన్రు, 1983ల ఫిల్మ్ సర్టిఫికేషన్ అప్పిలేట్ ట్రిబ్యునల్ వచ్చింది. తర్వాత ఏ సినిమా కేసు వచ్చినా వకీళ్లు అబ్బాస్ తీర్పు తెరుస్తనే ఉన్నరు. 1996ల 'బాండిట్ క్వీన్' కేసుల, ఫూలన్‌ను బట్టల్లేకుంట నడిపించిన సీనును ముక్కగ కాదు, సినిమా మొత్తంల పెట్టి చూడాలన్నరు, ఆ గుడ్డతీసిన అన్యాయం చూసి కోపమొస్తది గని కోరిక రాదన్నరు. మోకాళ్ల కాడ మొదలైన పంచాయతి అక్కడిదాంక పోయింది.

ఒక కేసు మాత్రం నాకు మింగుడుపడది. తమిళంల 'ఒరే ఒరు గ్రామత్తిలే' అని రిజర్వేషన్లను ప్రశ్నించే సినిమా. మద్రాసు హైకోర్టు సర్టిఫికెట్ రద్దు చేస్తె, 1989ల సుప్రీంకోర్టు మల్ల ఇచ్చింది. గొడవలైతయని భయపడి మాటను ఆపొద్దు, గొడవ చేసేటోన్ని ఆపాలె అని. రిజర్వేషన్ తోని ఇంట్ల మొదటి డిగ్రీ వచ్చిన కుటుంబం నాది. ఆ సినిమా చెప్పేదాంతోని నాకు పొసగదు. అయినా ఆ తీర్పు తప్పు అనలేను. రేపు దొర మీద, కంపెనీ మీద, సర్కారు మీద మనం తీసే సినిమాకు సుత 'గొడవైతది' అనే మాటనే అడ్డం పెడ్తరు. మేం ఒక ఊర్ల వీధినాటకం ఏస్తందుకు పోతె, స్క్రిప్ట్ ముందుగాల చూపాలె, ఒక పాత్ర పేరు మార్చాలె అని కూసున్నరు. కారణం అడిగితె, గొడవైతది అన్నరు. అంతకు మించి కారణం ఏనాడు చెప్పరు.

మరి స్టువర్టుపురం వాళ్ల బాధ? అది ఉత్తది కాదు. తాతల కాలంల పోలీస్ రిజిస్టర్‌ల ఎక్కిన పేరు మల్ల పోస్టర్ మీద ఎక్కితె, పట్నంల కిరాయికి ఇల్లు అడిగే పిల్లగానికి దెబ్బ తగుల్తది. దానికి సెన్సార్ కత్తెర మందు అని నేననుకోను. ఆ కత్తెర డెబ్బై ఏండ్లల ఎరుకలోళ్ల దిక్కు, దొమ్మరోళ్ల దిక్కు, ఎన్నడు నిలబడ్డది గనుక? మోకాలు కనబడితె ఆగింది గని, కులం పేరు పెట్టి నవ్వితె ఆగలే. మనకు కావాల్సింది ఆ ఊరి పిల్లలే కెమెరా పట్టుకొని తీసిన ఇంకో సినిమా. అబ్బాస్ లెక్కల చెప్పాలంటె, బోనుల నిలబడ్డోడు జడ్జిని ప్రశ్న అడిగే సినిమా.

కేసు ఓడినంక ఆయన ఊకె కూసోలే. 1971ల ఎడారిల కాల్వ తవ్వకం మీద 'దో బూంద్ పానీ' తీసిండు. 1973ల 'బాబీ' రాసిండు, దేశమంత ఊగిపోయింది, ఆయన మీద నమ్మకమున్న కొందరు లెఫ్టోళ్లు ముక్కు విరిచి ఉంటరు. 1980ల 'ది నక్సలైట్స్' తీసిండు, మిథున్, స్మితా పాటిల్‌తోని. నిజం చెప్పాలంటె అది నాకు నచ్చలే. అదే ఏడు మన దగ్గర 'మా భూమి' వచ్చింది, ఆ మట్టి వాసన అబ్బాస్ సినిమాల లేదు. బొంబాయిల కూసొని అడవిని ఊహించిన సినిమా అది. 1987 జూన్ 1న బొంబాయిల పోయిండు, ఇంకో ఆరు రోజులైతె 73 నిండేటియి. కాలమ్ ఆఖరిదాంక రాస్తనే ఉన్నడు.

ఆయన కేసు వల్ల వచ్చిన ట్రిబ్యునల్ ఆయన పోయినంక సుత బతికింది. 2017ల 'లిప్‌స్టిక్ అండర్ మై బుర్ఖా'కు బోర్డు సర్టిఫికెట్ ఇయ్యమంటె, ఇయ్యమని చెప్పింది ఆ ట్రిబ్యునలే. 2021 ఏప్రిల్‌ల కేంద్రం ఒక ఆర్డినెన్స్ తెచ్చి, ఇంకొన్ని ట్రిబ్యునళ్లతో కలిపి దాన్ని రద్దు చేసింది. బొంబాయి డైరెక్టర్లు కొందరు ట్వీట్లు పెట్టిన్రు. మన దిక్కు పేపర్లల్ల లోపలి పేజీల చిన్న వార్త. కరోనా రెండో అల మొదలైన రోజులాయె, ఎవలు చూస్తరు?

ఇప్పుడు బోర్డు కాదంటె రివైజింగ్ కమిటీ, అదీ కాదంటె హైకోర్టు. కోట్లు పెట్టి తీసిన కంపెనీకి హైకోర్టు వకీలు బరువు కాదు. పొలం కాగితం కుదవపెట్టి సినిమా తీసే పోరనికి? యూట్యూబ్‌ల పెట్టుకుంటె సర్టిఫికెట్ అక్కర్లేదు, నిజమే, గని టాకీసుల ఆడాలంటె సర్టిఫికెట్ లేనిది కుదరది.

మా మండలంల ముగ్గురు పిల్లలు బోరునీళ్ల మీద గంటన్నర సినిమా తీస్తున్నరు. కలెక్టరాఫీసు ముందట ఖాళీ బిందెలతోని కూసునే సీను ఉన్నది, సెన్సారోళ్లు అడ్డం చెప్తరేమోనని వాళ్ల భయం. 'నీచా నగర్' చూడుండ్రని చెప్పిన. ఇంకోటి సుత చెప్పిన. సినిమాటోగ్రాఫ్ చట్టంల 4వ సెక్షన్ చదువుండ్రి, తీసినోని మాట ఇనకుంట కోత చెప్పొద్దని అందుల రాసి ఉన్నది. ఏ షాట్, ఏ నిబంధన కింద, ఎందుకు తీసెయ్యాల్నో కాగితం మీద రాసిమ్మని అడుగుండ్రి.